టేపక్క చెప్పని కొలత

మా తోటికోడలిని వీధి వీధంతా టేపక్క అంటుంది. సొంత పేరు పెట్టి పిలిస్తే తనే వెనక్కి తిరగదు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లోకంలో మా బావగారొక్కరే అయి ఉంటారని నేను ఏడిపిస్తుంటాను. ఆయనకీ ఆ భాగ్యం లేదంటుంది తను, నవ్వకుండా.

ఆవిడ కుట్టేవి పైకి కనబడే బట్టలు కావు, ఆడవాళ్ళ బాడీలు. దుకాణంలో సైజు దొరకనివాళ్ళు, దొరికినా ఒరుసుకుపోయేవాళ్ళు మా దగ్గరికి వస్తారు. అందరికంటే ఎక్కువగా కడుపుతో ఉన్నవాళ్ళు వస్తారు. ఇంటి ముందుగదే మా దుకాణం. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, మూలన నిలువుటద్దం, దానికి అడ్డంగా ఒక తెర. తెర అవతల అక్క కొలతలు తీస్తుంది, ఇవతల నేను హుక్సులు, పట్టీలు కుడతాను. పదకొండేళ్ళుగా ఇదే వరస. నా కుట్టు అక్కకి నచ్చదు, అక్క అజమాయిషీ నాకు నచ్చదు, అయినా ఒకరు లేకపోతే ఒకరికి పొద్దు గడవదు.

కడుపుతో ఉన్నవాళ్ళు వస్తే అక్క గొంతే మారిపోతుంది. తెర వెనక నుంచి ఆ మాటలు వినీ వినీ నాకు నోటికి వచ్చేశాయి.

"తాకితే నొప్పిగా ఉందా? ఉంటుంది. మూడు నెలలు దాటితే కాస్త నెమ్మదిస్తుంది. రంగు ముదురుతుంది, నీలం నరాలు తేలతాయి, కంగారు పడకు. చనుమొన చుట్టూ చిన్న చిన్న బొడిపెలు లేచాయి చూశావా, వాటిని గిల్లకు. చర్మం పగలకుండా నూనె ఊరేది వాటిలోనే. అక్కడ సబ్బు పెట్టి రుద్దకు, ఉత్త నీళ్ళు చాలు. ఆఖరి నెలల్లో పసుపుపచ్చగా రెండు చుక్కలు కారినా కారతాయి. పిండి పిండి చూడకు. మెత్తటి నూలు గుడ్డ మడతపెట్టి లోపల పెట్టుకో, తడిస్తే మార్చుకో. తీగ ఉన్న బాడీలు బీరువాలో దాచెయ్. ఇప్పుడు బిగుతు హుక్కుకి సరిపోయేలా కుడతాను, ఒళ్ళు పెరిగేకొద్దీ ఒక్కో హుక్కూ వదులు చేసుకుంటూ పో."

సగం డాక్టరమ్మ చెబితే, సగం మా టేపక్క చెబితే విని పిల్లల్ని కన్నవాళ్ళు మా చుట్టుపక్కల తక్కువమంది లేరు. డాక్టరమ్మకి వినే తీరిక ఉండదు, మా అక్కకి ఆపే అలవాటు ఉండదు.

ఇంత వాగే మనిషి ఒక్క విషయం మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. కుడికీ ఎడమకీ ఉన్న తేడా.

దానికో కథ ఉంది. అక్క పని నేర్చుకునే రోజుల్లో ఒక కాలేజీ అమ్మాయికి కొలతలు తీస్తూ "నీకు ఎడమవైపు కాస్త తక్కువే" అని నోరు జారింది. తెర ఇవతల ఆ పిల్ల స్నేహితురాళ్ళు కూర్చుని ఉన్నారు, పకపకా నవ్వారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. తర్వాత దారిలో ఎప్పుడు కనబడినా పుస్తకాలు గుండెలకి హత్తుకుని, భుజాలు ముడుచుకుని నడిచేదట. పని నేర్పిన పెద్దావిడ అక్కకి ఆ రోజే తలంటింది. "నోట్లో గుండుసూదులు పెట్టుకునేది చేతులు ఖాళీ లేకే అనుకున్నావా? తేడా కనబడితే గుడ్డలో సర్దెయ్యి. మనిషికి చెప్పకు" అంది.

అక్క ఆ మాటని ఇరవై రెండేళ్ళు తు.చ. తప్పకుండా పాటించింది. తక్కువైన వైపు లోపల మెత్తటి పొర వేసేది, కుట్టు ఒక వేలెడు పక్కకి జరిపేది, పట్టీ కాస్త పొట్టి చేసేది. వేసుకున్నవాళ్ళకి తేడా ఉందనీ తెలిసేది కాదు, సర్దారనీ తెలిసేది కాదు. కొలతల పుస్తకంలో మాత్రం అంకె పక్కన చిన్న గీత పెట్టేది. ఒక గీతంటే మామూలు తేడా. అది అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. రెండు గీతలంటే లోపల పొర వెయ్యాలని గుర్తు. ఆ గీతల సంగతి అక్కకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు.

పోస్టాఫీసు అమ్మాయి మా గడప తొక్కేసరికి ఆమెకి నాలుగో నెల. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నిలిచిన కడుపు. పార్సిళ్ళ కౌంటర్లో ఉద్యోగం, రోజంతా ముద్ర కొట్టే పని. "చెయ్యెత్తి ముద్ర కొట్టిన ప్రతిసారీ ప్రాణం పోతోందక్కా" అంది. అక్క ఆమె వేసుకొచ్చిన బాడీ చూసి, "రెండు సైజులు చిన్నది వేసుకుని ముద్రని తిడితే అదేం చేస్తుంది పాపం" అంది. ఇద్దరూ తెర వెనక చాలాసేపు నవ్వుకున్నారు. ఆ రోజు పుస్తకంలో ఎడమ అంకె పక్కన ఒక గీత ఉంది.

ఆరో నెలలో మళ్ళీ వచ్చింది. పొట్ట ముందుకొచ్చింది, మొహం నిండింది. పోస్టాఫీసులో ఎవరి పార్సిల్ ఎవరికి పోయిందో ఒక తమాషా చెబుతూ తెర వెనక్కి వెళ్ళింది. అక్క ఊ కొడుతోంది. ఉన్నట్టుండి ఆ ఊ ఆగిపోయింది. మా అక్క మాట ఆగిపోవడం నాకు కొత్త, అందుకే సూది పక్కన పెట్టి చెవి అటు పెట్టాను.

కాసేపటికి ఆ అమ్మాయే అడిగింది. "రెండూ ఒకేలా పెరగట్లేదేమో అనిపిస్తోందక్కా. మామూలేనా?"

"ఎవరికీ ఒకేలా పెరగవమ్మా," అంది అక్క. "నేను సర్దుతాగా."

మొదటి మాటలో అబద్ధం లేదు. ఎవరికీ ఒకేలా పెరగవు. కానీ అక్క వేళ్ళకి తగిలింది ఆ తేడా కాదు. ఎడమవైపు పైభాగంలో, చంకకి దగ్గరగా, చర్మం లోపలికి లాగినట్టుంది. దారం ఎక్కువ లాగితే గుడ్డ ముడత పడుతుందే, అలా. ఆ ముడత కింద ఏదో గట్టిగా, వేలికి కదలకుండా ఉంది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందలమందినో కొలిచిన చేతులవి. అది మామూలు కాదని వాటికి తెలిసింది. "పాలు పడే ముందు అలా గట్టిపడుతుందేమో అనుకున్నాను" అని తర్వాత నాతో అంది. కాసేపాగి, "అనుకోవాలని అనుకున్నాను" అంది.

ఆ బాడీ కుట్టడానికి అక్క మూడు రోజులు తీసుకుంది. మామూలుగా ఒక పూట పని. ఎడమవైపు మెత్తటి నూలు పొరలు మూడు, ఒకదానికంటే ఒకటి కాస్త చిన్నగా కత్తిరించి, లాగిన చోట సరిగ్గా కూర్చునేలా అమర్చింది. కుట్టు రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. ఇంతకంటే మంచి పని ఆ చేతుల్లో నేను చూడలేదు, ఇప్పుడా మాట చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ అమ్మాయి వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, నవ్వుతూ తెర బయటికి వచ్చింది. "రెండూ సమానంగా వచ్చాయక్కా. మీ చేతిలో ఏదో ఉంది," అంది.

ఆమె వెళ్ళాక నేను పుస్తకం తిరగేశాను. రెండు గీతలున్నాయి.

"రెండు నెలల్లో ఇంత తేడా ఏంటక్కా?" అన్నాను.

"నీ హుక్సులు నువ్వు చూసుకో."

"డాక్టరుకి చూపించుకోమని ఒక మాట అనొచ్చుగా."

"నెలనెలా చూపించుకుంటూనే ఉంది. బరువు చూస్తున్నారు, బీపీ చూస్తున్నారు, పొట్ట చూస్తున్నారు. వాళ్ళకి కనబడంది నాకు కనబడిందా? లేనిపోనిది చెప్పి ఎనిమిదేళ్ళకి కడుపు పండినదాన్ని హడలగొట్టనా?"

నేను ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, అంతకు ముందు వారమే ఎలాస్టిక్ కట్ట ఒకటి తప్పు వెడల్పుది తెచ్చానని అక్క నన్ను నలుగురిలో కడిగేసింది. నేను ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాను. దుకాణం తనది, పేరు తనది, తెలివీ తనదే, మధ్యలో నాకెందుకు అనుకున్నాను. మూతి ముడుచుకోవడానికి అంతకంటే చెత్త సమయం నాకు ఈ జన్మలో దొరకదు.

ఎనిమిదో నెలలో ఆ అమ్మాయి మూడోసారి వచ్చింది. తెర వెనక ఈసారి మొదటి నుంచీ మాటల్లేవు. ఆమె వెళ్ళాక అక్క పుస్తకం ముందు కూర్చుని, కలం పట్టుకుని చాలాసేపు రాయలేదు. తర్వాత రాసి, మూసేసి, పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుంది. నేను తెరిచి చూశాను. ఎడమ అంకె పక్కన మూడు గీతలున్నాయి. మూడు గీతలు ఆ పుస్తకంలో అంతకు ముందు ఏ పేజీలోనూ లేవు. నేను పుస్తకం ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసి, హుక్సుల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క మాట అడగలేదు.

వీధి చివరే పోస్టాఫీసు. నేను వెళ్ళి కౌంటరు ముందు నిలబడి చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఆ రెండు నెలల్లో నేను ఆ దారిన బజారుకి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటానో.

ఆ మూడోసారి వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి, కాన్పయ్యాక వేసుకోవడానికి ముందువైపు విప్పుకునే బాడీలు రెండు కుట్టిపెట్టమని చెప్పింది, అవి కుట్టి మడతపెట్టి ఉంచాం. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. కాన్పయి నెల దాటాక ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చింది. పెద్దామె గుమ్మంలోనే నిలబడి, "అవి ఇంక వద్దమ్మా," అంది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాం. ఆడపిల్ల పుట్టింది, బాగుంది. కానీ పిల్ల ఎడమవైపు పాలకి నోరు పట్టనే పట్టలేదట. మూడు రోజులు ప్రయత్నించాక ఒక నర్సు చేత్తో నొక్కి చూసి, పెద్ద డాక్టరుని పిలుచుకొచ్చింది. ఆపైన పరీక్షలు, ఆపరేషను. "ఎడమది తీసేశారు. చంకలోకీ పాకిందట. ఇంకో మూడు నాలుగు నెలలు ముందొచ్చి ఉంటే బాగుండేదమ్మా అన్నాడు డాక్టరు. వస్తే ఏమయ్యేదో చెప్పలేదు, నేనూ అడగలేదు," అంది పెద్దామె. లేచి వెళ్తూ అక్క రెండు చేతులూ పట్టుకుంది. "కడుపుతో ఉన్నన్నాళ్ళూ దానికి ఒంటికి సుఖంగా ఉందంటే మీ కుట్టు వల్లేనమ్మా. మీ మేలు మర్చిపోం."

అక్క ఆ చేతులు విడిపించుకోలేకపోయింది. పెద్దామె వెళ్ళాక అక్కడే నేల మీద కూర్చుండిపోయి, చర్మం లాగిన సంగతీ, గట్టిగా తగిలిన సంగతీ అన్నీ నాకు చెప్పింది. "ఆ పిల్ల నోరు తెరిచి అడిగిందే. మామూలేనా అని అడిగిందే," అని అదే మాట పదిసార్లు అంది. నీ తప్పేం లేదక్కా అని నేను అనబోయి, మంచినీళ్ళ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత అక్క మనిషి మనిషిలా లేదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచేది. బావగారు ఏదో హాస్యమాడబోయి, ఆ మొహం చూసి మధ్యలోనే మింగేసేవారు. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి చెప్పేసి వస్తానని రెండుసార్లు చెప్పులేసుకుంది. మొదటిసారి వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చింది. రెండోసారి గేటు దాకా వెళ్ళింది, లోపల పిల్ల ఏడుపు వినబడి వెనక్కి తిరిగింది. మూడోసారి బయల్దేరుతుంటే నేనే ఆపాను. "వైద్యం నడుస్తోంది, ఇప్పుడు వెళ్ళి చెబితే ఆమెకి ఏం ఒరుగుతుంది, బాధ తప్ప," అన్నాను. పైకి ఆ అమ్మాయి మీద జాలిగానే ఉంది ఆ మాట. అక్క చెప్పడం మొదలుపెడితే గీతల దాకా వెళ్తుందని, గీతల దాకా వెళ్తే నా దాకా వస్తుందని నాకు తెలుసు.

దుకాణంలో మాత్రం అక్క వరస తలకిందులైంది. కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరొచ్చినా ఇప్పుడు టేపు తీయకముందే మొదలుపెడుతుంది. "నొప్పి, బరువు, రంగు మారడం ఇవన్నీ మామూలే. కానీ గడ్డలా తగిలి అలాగే ఉండిపోయినా, చర్మం లోపలికి లాగినా, నారింజ తొక్కలా గరుకుగా అయినా, ఇన్నాళ్ళూ బయటికున్న మొన కొత్తగా లోపలికి పోయినా, నెత్తురు చుక్క కనబడినా, కడుపుతో ఉన్నాం కదా అని ఊరుకోకు. నన్ను అడక్కు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, పొట్ట సంగతి తర్వాత, ముందు ఇది చూడండి అని విప్పి చూపించు." ఒకామె ఆ ధోరణికి హడలిపోయి కొలతలివ్వకుండానే వెళ్ళిపోయింది. పోతే పోయింది, అని అక్క అంటే నేను కాదనలేదు.

ఏడు నెలలకి పోస్టాఫీసు అమ్మాయి వచ్చింది. నేను ముందు గుర్తుపట్టలేదు. ఒళ్ళు సగమైంది, తలకి గుడ్డ కట్టుకుంది, దాని కింద ఇప్పుడిప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. పిల్లని వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చానంది. మళ్ళీ డ్యూటీలో చేరుతోందట.

"కౌంటర్లో కూర్చోవాలి కదక్కా. అందరూ అటే చూస్తారు. మీరైతే సర్దగలరు," అంది.

అక్క టేపు మెడలోంచి తీసింది. చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. తెర వెనక్కి తీసుకెళ్ళలేదు. నా ఎదుటే, గది మధ్యలో నిలబడి చెప్పేసింది. "ఆరో నెలలో నా చేతికి తగిలిందమ్మా. ముడతా చూశాను. ఎనిమిదో నెలకి ఇంకా పెరిగింది. నువ్వు అడిగావు కూడా. నేను చెప్పలేదు. లోపల పొరలు వేసి కప్పేశాను. నన్ను ఏం అంటావో అను."

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. మెల్లగా మాట్లాడింది.

"నాకూ తగిలిందక్కా. స్నానం చేస్తుంటే. అందుకే మిమ్మల్ని అడిగాను. మీరు ఏమీ అనకపోయినా, ఎందుకైనా మంచిదని డాక్టరుని అడగాల్సినవి చీటీ మీద రాసుకున్నాను. ఇంతలో మీ బాడీ వచ్చింది. వేసుకుని చూసుకుంటే రెండూ సమానంగా ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో ఇదే పని చేస్తున్నారు కదా, ఏమన్నా ఉంటే ఇంత బాగా కుదరదులే అనుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఇంకేమన్నా అడగాలా అన్నారు. ఏం లేదన్నాను."

ఆ అమ్మాయి లేచి తెర వెనక్కి వెళ్ళింది. అక్క వెనకే వెళ్ళింది. టేపు జారే చప్పుడు, అంకె చెప్పుకునే గొణుగుడు వినిపించాయి. చాలాసేపటికి ఆ అమ్మాయి గొంతు.

"కుడివైపు ఏమన్నా ఉందా?"

"లేదమ్మా. ఏం లేదు."

తర్వాత తెర పక్కకి జరిగింది. ఆ అమ్మాయి కండువా కప్పుకుని, తల బయటికి పెట్టి నా వైపు చూసింది.

"మీరొకసారి వచ్చి చూస్తారా?" అంది. "మీరైతే నిజం చెబుతారు."

నేను హుక్సుల డబ్బా కింద పెట్టి లేచాను. అద్దంలో అక్క మొహం కనబడింది. నా వైపు చూడటం లేదు. పుస్తకం నేనూ చూశానని అక్క ఒక్క మాట అనొచ్చు, అనలేదు. నేను చేతులు తుడుచుకుని, చెయ్యి పెట్టి చూశాను. నా చేతికి ఏమీ తగల్లేదు. "నాకూ ఏం తగల్లేదు, కానీ మా చేతులు నమ్మకండి, డాక్టరుకే చూపించుకోండి," అన్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, థాంక్సండీ అంది.

అప్పటి నుంచీ మా దుకాణానికి వచ్చినప్పుడల్లా ఆమె అక్కతో కొలతల వరకే మాట్లాడుతుంది, ఒంట్లో సంగతులన్నీ నాకే చెప్పుకుంటుంది. ఆ మూడు గీతలు నేనూ చూశానని ఆమెకి నేను ఇప్పటికీ చెప్పలేదు.